ఉద్యోగం పోయింది, భార్య ఇమిగ్రెంట్ వీసా సంగతేంటి?

సందేహం: నేను అమెరికా పౌరుణ్ణి. పెళ్లయి ఏడాదిన్నర. నా భార్య వేరే దేశస్థురాలు, ప్రస్తుతం అక్కడే ఉంటోంది. ఆమె కోసం వేసిన ఐ-130 (భార్యను రప్పించడానికి పెట్టే పిటిషన్) ఆమోదం పొందింది. ఐ-864 (ఆమె పోషణకు స్పాన్సర్ ఇచ్చే హామీ పత్రం) మీద సంతకం చేసి, పే స్టబ్‌లతో (జీతం రసీదులతో) సహా, ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కు అప్‌లోడ్ చేశాను. ఇంటర్వ్యూ తేదీ కూడా వచ్చింది. సరిగ్గా ఇప్పుడే లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయింది. కాగితాలు ఎలాగూ వెళ్లిపోయాయి కదా, ఏమీ చెప్పకుండా ఊరుకోవచ్చా? మా బాబాయ్ స్పాన్సర్‌గా సంతకం పెడతానంటున్నాడు, అది చెల్లుతుందా? నేను అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు (నిరుద్యోగ భృతి) తీసుకుంటే ఆమె కేసు దెబ్బతింటుందా? ఎలాగూ ఖాళీయే కాబట్టి, వీసా వచ్చేదాకా వెళ్లి ఆమె దగ్గరే ఉందామనుకుంటున్నాను.

సమాధానం: మీ ఐ-130కి ఏమీ కాలేదు. ఆ పిటిషన్‌లో చూసేది మీరు పౌరులా, మీ పెళ్లి నిజమైనదా అన్న రెండు సంగతులే. ఉద్యోగం పోయినంత మాత్రాన భార్య భార్య కాకుండా పోదు. చిక్కల్లా ఐ-864తోనే. అక్కడ కూడా లెక్క మొత్తం డబ్బుది. ఆ డబ్బు జీతం రూపంలోనే రావాలని ఎక్కడా లేదు.

ఆ లెక్క ఎంతో చూద్దాం. ఫెడరల్ పావర్టీ గైడ్‌లైన్స్‌లో, అంటే అమెరికా ప్రభుత్వ పేదరిక రేఖ అంకెల్లో, మీ కుటుంబ సైజుకు ఇచ్చిన మొత్తానికి 125 శాతం చూపించాలి. మీరిద్దరే అయితే 2025 అంకెల ప్రకారం ఏడాదికి 26,437 డాలర్లు. అలాస్కా, హవాయిలకు వేరే అంకెలు ఉంటాయి. ఏటా ఇవి మారతాయి కాబట్టి ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక ఐ-864పి అనే పట్టిక ఒకసారి చూసుకోండి. లేఆఫ్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు చాలామంది పోయిన జీతంతో పోల్చుకుని బెంబేలెత్తిపోతారు. చట్టం అడిగేది దానికంటే చాలా తక్కువ. చిన్న జీతమైనా సరే, కొత్త ఉద్యోగంలో చేరి రెండు పే స్టబ్‌లు చేతికొస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. చేరకముందు వచ్చిన ఆఫర్ లెటర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇక మీ మొదటి ప్రశ్న, ఊరుకోవచ్చా అన్నది. సంతకం పెట్టిన రోజున మీరు రాసింది నిజమే. ఈరోజు వరకు మీరు తప్పేమీ చేయలేదు. తప్పు మొదలయ్యేది ఇంటర్వ్యూ కిటికీ దగ్గర. మీ భార్య కుడి చెయ్యి ఎత్తి, చెప్పేదంతా నిజమని ప్రమాణం చేస్తుంది. ఆఫీసర్ మామూలుగానే, తల ఎత్తకుండా, "మీవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడుగుతారు. ఆమెకు మీరు ఏం చెప్పి పంపారన్నదే అక్కడ తేలేది.

నేను చూసిన ఒక ఫైల్లో ఆ భార్య, భర్త ఎలా చెప్పమంటే అలా, పాత కంపెనీ పేరే చెప్పింది. పోయిన నెల పే స్టబ్ చూపించమన్నారు. ఆమె ఫైల్లో ఉన్న చివరిది నాలుగు నెలల కిందటిది. ఉద్యోగం లేదని ముందే చెప్పి ఉంటే ఒక జాయింట్ స్పాన్సర్ (పిటిషన్ వేసినవారితో పాటు హామీ ఇచ్చే మరో వ్యక్తి) కాగితంతో పోయే పని. ఆ ఒక్క మాటను సరిదిద్దడానికి మాకు తాతలు దిగొచ్చారు.

ఈ రెండు దారుల్లో నష్టం ఎంతెంతో పోల్చి చూడండి. ఆదాయం చాలదని తేలితే వలస చట్టంలోని 221(జి) సెక్షన్ కింద వీసా ఆపి, లోటుగా ఉన్న కాగితాలు తెమ్మంటారు. తెచ్చి ఇవ్వడానికి ఏడాది గడువు ఉంటుంది. అది ఆలస్యమే తప్ప అంతకుమించి ఏమీ కాదు. అబద్ధం చెప్పి వీసా సంపాదించాలని చూశారని రాశారంటే మాత్రం ఆమె మీద జీవితాంతం ఉండే నిషేధం పడవచ్చు. దాన్నుంచి బయటపడాలంటే ఐ-601 అనే మినహాయింపు దరఖాస్తు వేసి, ఆమె రాకపోతే మీకు తీవ్రమైన ఇబ్బంది కలుగుతుందని రుజువు చేయాలి. మూడు నెలల నిరుద్యోగాన్ని దాచడానికి అంత రిస్కు తీసుకుంటానంటే, ఆ ఫైలు నేనైతే ముట్టుకోను.

కాబట్టి ఉన్నది ఉన్నట్టుగా కొత్త ఐ-864 నింపండి. ఉద్యోగం అన్న చోట నిరుద్యోగి అని, ఏ తేదీ నుంచో రాసే గడి ఉంటుంది, రాయండి. దానికి చివరి ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ (పన్ను శాఖ ఇచ్చే రిటర్న్ సారాంశం) జోడించి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లమనండి. మీ ఆదాయం సున్నా అయినా, వేరేవాళ్లు ఎంతమంది సంతకం పెట్టినా, పిటిషన్ వేసినవారిగా మీ ఐ-864 ఉండి తీరాలి. దీన్ని మర్చిపోయి ఒక్క బాబాయ్ కాగితాలతో వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లున్నారు.

అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు నిశ్చింతగా తీసుకోండి. అది మీరు పనిచేసినందుకు వచ్చిన హక్కు, పన్ను పడే ఆదాయం. ఆమె కేసుకు దానివల్ల చెరుపు లేదు. అయితే కొన్ని వారాల్లో ఆగిపోయే డబ్బు కనుక దాని మీదే కేసు నిలబెట్టాలని చూడకండి. సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) వచ్చి ఉంటే దాన్ని పొదుపు కింద చూపించడమే మేలు.

పొదుపు అంటే గుర్తొచ్చింది, ఆస్తుల లెక్క మీలాంటి పౌరుల భార్యాభర్తలకు కాస్త దయగా ఉంటుంది. ఆదాయంలో ఎంత తగ్గిందో దానికి మూడు రెట్ల విలువైన ఆస్తి చూపిస్తే చాలు. గ్రీన్ కార్డు మీద స్పాన్సర్ చేసేవారికి ఇది అయిదు రెట్లు. ఉదాహరణకు మీరు పార్ట్ టైమ్ పనిలో ఏడాదికి 12,000 డాలర్ల చొప్పున సంపాదిస్తున్నారనుకోండి. లోటు 14,437. దానికి మూడు రెట్లు, అంటే 43,311 డాలర్లు బ్యాంకులోనో షేర్లలోనో ఉంటే సరిపోయింది. అసలు ఆదాయమే లేకపోతే 79,311 కావాలి. ఇంటికి అప్పు పోగా మిగిలే విలువ కూడా లెక్కలోకి వస్తుంది. మీ భార్య పేర ఉన్న ఆస్తి కూడా పనికొస్తుంది, ఏడాదిలోగా నగదుగా మార్చుకునే వీలుంటే. బ్యాంకు కాగితంలో ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏడాదిలో ఎంత వేశారు, ఇప్పుడు ఎంతుంది అన్నవి ఉండాలి. ఇంటర్వ్యూకి వారం ముందు స్నేహితుడు వేసిన 40,000 ఆ కాగితంలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ పని చేయకండి.

మీ నాన్నగారో, అన్నదమ్ములో మీతో ఒకే ఇంట్లో ఉంటే వారి ఆదాయాన్ని ఐ-864ఎ అనే ఇంటివారి హామీ పత్రం ద్వారా మీ ఆదాయంతో కలుపుకోవచ్చు. బాబాయ్‌కి ఆ దారి సాధారణంగా కుదరదు, చట్టం లెక్కలో అంత దగ్గరి బంధువు కాడు. ఆయన జాయింట్ స్పాన్సర్ అవ్వాలి. అందుకు చుట్టరికమే అక్కర్లేదు. పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో అయి, 18 ఏళ్లు నిండి, అమెరికాలో స్థిరంగా ఉంటే చాలు. అయితే మీ ఆదాయం కొంత, ఆయనది కొంత కలిపి చూపడం కుదరదు. మొత్తం ఆయనే మోయాలి. ఆయన, పిన్ని, ఇద్దరు పిల్లలు, వీళ్లకు మీ భార్యను కలిపితే అయిదుగురు. 2025 పట్టికలో అయిదుగురికి 47,062 డాలర్లు. ఆయన ఒక్కడి జీతం చాలకపోతే పిన్నిగారి జీతం ఐ-864ఎతో కలపొచ్చు.

బాబాయ్ విషయంలో ఇంకాస్త ఆగుతాను. "ఏముందిరా, సంతకమేగా" అనే బాబాయ్‌లను నేను చాలామందిని చూశాను. అది వట్టి పరిచయ లేఖ కాదు, ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. మీ భార్య ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రభుత్వ సాయం తీసుకుంటే, ఆ సంస్థ ఆ సొమ్ము కట్టమని మీ ఇద్దరిలో ఎవరినైనా అడగవచ్చు. ఆమే కోర్టుకెళ్లి తనకు 125 శాతం మేరకు పోషణ ఇప్పించమని అడిగే హక్కు కూడా ఉంది. ఈ బాధ్యత ఆమె పౌరసత్వం పొందేదాకా, లేదా ఆమె ఖాతాలో 40 క్వార్టర్ల పని, అంటే ఇంచుమించు పదేళ్లు, జమయ్యేదాకా, లేదా ఆమె గ్రీన్ కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లేదాకా ఉంటుంది. రేపు మీ ఇద్దరికీ పడక విడాకులైనా బాబాయ్ సంతకం అలాగే ఉంటుంది. ఈ మాట కొత్త దంపతులకు చెప్పడం నాకూ ఇబ్బందే, కానీ సంతకం పెట్టేవాడికి చెప్పకపోవడం అన్యాయం. ఆయన మనసు మార్చుకోవాలంటే వీసా ఇచ్చేలోపే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 అనే చిరునామా మార్పు ఫారం పంపాలి. ఇవన్నీ చెప్పాక కూడా సరేనంటే, ఆయన చివరి ట్యాక్స్ రిటర్న్, తాజా పే స్టబ్‌లు, పాస్‌పోర్టు లేదా గ్రీన్ కార్డు కాపీ తీసుకోండి.

ఆమె వచ్చాక మీకు మళ్లీ ఉద్యోగం పోతే గ్రీన్ కార్డుకు ఏమీ కాదు. దేశంలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు. ఆ షరతులు తీయడానికి వేసే ఐ-751కి మళ్లీ ఐ-864 అక్కర్లేదు. ఇదే శీర్షిక చూసి హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు కూడా చదువుతుంటారు. మీ సంగతి పూర్తిగా వేరు. ఉద్యోగం పోతే మీకూ, హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న భాగస్వామికీ దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94లో రాసిన బస గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. ఈ జవాబు మీద ఆధారపడకండి.

చివరగా, వెళ్లి ఆమె దగ్గరే ఉండిపోదామన్న ఆలోచన. స్పాన్సర్‌కు అమెరికాలో నివాసం ఉండాలి. ఉద్యోగం లేదు, లీజు వదిలేశారు, సామాను అమ్మేశారు, నెలల తరబడి బయటే ఉన్నారంటే, మీరు అసలు అమెరికాలో ఉంటున్నారా అన్న కొత్త ప్రశ్న పుడుతుంది. డబ్బు ప్రశ్నకు జాయింట్ స్పాన్సర్ ఉన్నాడు, ఈ ప్రశ్నకు మీ బదులు ఎవరూ ఉండరు. రెండు మూడు వారాలు వెళ్లి రావడంలో తప్పులేదు, ఇంటర్వ్యూ రోజున పక్కనే ఉంటే ఆమెకూ ధైర్యం. లీజు, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడే ఉంచుకోండి, తిరుగు టికెట్ ముందే తీసుకుని దాని కాపీ ఆమె ఫైల్లో పెట్టండి.