తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెరగదు కదా, మరి అంటార్కిటికా గురించి ఎందుకంత టెన్షన్?

మీరన్నది దాదాపు నిజమే. గ్లాసులో ఐసుముక్క కరిగినా నీటిమట్టం మారదు, ఎందుకంటే తేలుతున్నప్పుడే అది తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టేసి ఉంటుంది. కానీ అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ మంచులో చాలా భాగం తేలడం లేదు, నేల మీద కూర్చుని ఉంది. గ్రీన్‌లాండ్‌ది మొత్తం కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు, అంటార్కిటికాది కరిగితే దాదాపు 58 మీటర్లు పెరుగుతుంది. అదేమీ మన జీవితకాలంలో జరిగేది కాదులెండి.

శాస్త్రవేత్తల అసలు భయం పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం లాంటి వాటి గురించి. అక్కడ మంచు కింద ఉన్న నేల సముద్రమట్టం కన్నా దిగువన ఉంది, పైగా లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా లోతవుతుంది, దాంతో కాస్త వెచ్చటి ఉప్పునీరు అడుగు నుంచి దూరి మంచును కరిగిస్తూ నేల మీద దాని పట్టు వదిలిస్తోంది. ముందు తేలుతున్న మంచు పలక వెనకున్న మంచుకు అడ్డుకట్ట లాంటిది. అది కరిగినందుకు సముద్రం పెద్దగా పెరగకపోయినా, అడ్డు తొలగి నేల మీది మంచు వేగంగా సముద్రంలోకి జారుతుంది. తేలే మంచును తేలిగ్గా తీసుకోకూడదనేది అందుకే. థ్వైట్స్ ఒక్కటే పూర్తిగా పోతే సముద్రం 60 సెంటీమీటర్లకు పైనే పెరుగుతుంది.

ఈ నష్టం ఊహ కాదు, 2002లో ప్రయోగించిన గ్రేస్ ఉపగ్రహాలు గురుత్వాకర్షణలో తేడాలను బట్టి మంచు బరువు తగ్గడాన్ని నేరుగా కొలిచాయి.