ఆఫీసులో, ఇంటి దగ్గర యేసు గురించి ఎలా చెప్పాలి? మెడికల్ షాపు నడిపే ఒక విశ్వాసి జవాబు

బ్రదర్, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. విశ్వాసంలోకి కొత్తగా వచ్చారు, ఇంట్లో మిగతా అందరూ హిందువులే. వారానికి ఒక్కరికైనా సువార్త చెప్పి, ఆదివారం ఆ సంగతి సంఘంలో చెప్పమని మీ పాస్టర్ గారు అంటున్నారు. మీకేమో నోరు పెగలడం లేదు, ఎవరైనా నొచ్చుకుంటారేమోనని టెన్షన్. ఆఫీసులో వినాయక చవితి పూజకు పిలిస్తే ఏం చెప్పాలో తెలియక బాత్రూమ్ వైపు వెళ్ళిపోయానన్నారు. ఆ మాట చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మనలో చాలామంది ఆ బాత్రూమ్‌లో దాక్కున్నవాళ్ళే.

నేను పాస్టర్‌ని కాదు. వారాసిగూడ వైపు మెడికల్ షాపు నడుపుతాను. పొద్దున నుంచి రాత్రి దాకా కౌంటర్ దగ్గరికి హిందువులు, ముస్లింలు, మనవాళ్ళు అందరూ వస్తారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు, ఇంట్లో బాగాలేనివాళ్ళు. దేవుడి మాట ఎత్తడానికి ఇంతకంటే వీలైన చోటు ఉండదని మా సంఘంలో కొందరు అంటారు. నేను మాత్రం సరిగ్గా అందుకే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలంటాను.

నేను చూసుకునేది ఒక్కటే. ఎదుటి మనిషికి "వద్దులే" అని చెప్పి లేచి వెళ్ళిపోయే వీలుందా? ఉంటే మాట్లాడతాను. లేకపోతే ఊరుకుంటాను. జ్వరంతో ఉన్న పిల్లాడిని భుజాన వేసుకుని సిరప్ కోసం నిలబడ్డ తల్లి ఎక్కడికి పోతుంది? నేను ఏం చెప్పినా తల ఊపుతుంది, మందు నా చేతిలో ఉంది కాబట్టి. అది వినడం కాదు. అప్పు ఖాతా ఉన్నవాళ్ళతో కూడా అంతే. మీ ఆఫీసులో అయితే మీ కింద పనిచేసేవాళ్ళు, మీరు రేటింగ్ ఇచ్చేవాళ్ళు, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు ఈ లెక్కలోకి వస్తారు. వాళ్ళ దగ్గర మీరు ముందుగా మతం మాట ఎత్తకండి. ఇంట్లో పనిచేసే అమ్మ దగ్గర కూడా.

మా షాపులో ఒక కుర్రాడు పనిచేస్తాడు, నల్గొండ వైపు నుంచి వచ్చాడు. ఒకరోజు సామాను సర్దుతూ సర్దుతూ, "అన్నా, ఈ ఆదివారం నేను కూడా మీ చర్చికి రానా?" అన్నాడు. మామూలుగా అయితే సంతోషించాల్సిన మాట. కానీ వాడి ముఖం చూస్తే ఇంకేదో ఉందనిపించింది. కాసేపయ్యాక బయటపడింది, చెల్లెలి ఫీజుకు అడ్వాన్స్ కావాలి. చర్చికి వస్తే అడ్వాన్స్ సులువుగా దొరుకుతుందని ఎవరో చెప్పారట. అప్పుడే డబ్బు తీసి చేతిలో పెట్టి, "దీనికీ చర్చికీ సంబంధం లేదు. నువ్వు ఎప్పుడూ రాకపోయినా నీ జీతం ఇదే, అడ్వాన్స్ ఇదే" అన్నాను. ఆ ఆదివారం వాడు రాలేదు. తర్వాత ఎప్పుడో క్రిస్మస్‌కి కేక్ తినడానికి వచ్చాడు, పాటలు బాగున్నాయన్నాడు, అంతే. ఇప్పటికీ ప్రతి ఏడూ బోనాలకి సెలవు తీసుకుంటాడు, నేను ఇస్తాను.

డబ్బులిచ్చి, బియ్యమిచ్చి మతం మారుస్తారన్న మాట మన మీద ఎప్పటినుంచో ఉంది. చాలాసార్లు అది అన్యాయమే. కానీ అవసరంలో ఉన్నవాడికి సాయాన్నీ సువార్తనూ ఒకే చేత్తో అందిస్తే, ఆ మాట అనేవాళ్ళకి మనమే ఆధారం ఇచ్చినట్టు. రెండూ ఇవ్వండి, కానీ విడివిడిగా.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, భయంతో కాదు, తెలివిడి కోసం. రాజ్యాంగం 25వ అధికరణం ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి మతాన్ని నమ్మడానికి, పాటించడానికి, ప్రచారం చేయడానికి అందరికీ హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. మన మత విషయాలు వివరించి చెప్పడం ప్రచారంలోకి వస్తుంది, ఇంకొకరిని మతం మార్చడం మాత్రం హక్కు కాదు అంది. మనవాళ్ళలో కొందరికి ఈ తీర్పు నచ్చదు. నాకైతే ఇబ్బంది అనిపించదు, మార్చడం దేవుడి పని అని మనం రోజూ అంటున్నదే కదా! ఇంకొకటి, ఒక మతం ప్రార్థనా స్థలాల్లో వేరే మతం ప్రచారం చేయకూడదని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. గుడి మెట్ల దగ్గర కరపత్రాలు పంచడం ధైర్యం అనుకునే యువకులకు ఇది చెప్పండి. చట్టం లేకపోయినా అది మర్యాద కాదు.

ఇక ఎలా మాట్లాడాలి? పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనం తీసి చూడండి. మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటాడు, అదీ సాత్వికంతో. అంటే ముందు ఎవరో అడగాలి. "ఎవరూ అడగరు కదా" అంటారేమో. అడుగుతారు, కాకపోతే మనం ఎదురుచూసే పెద్ద ప్రశ్న కాదు. "గుడ్ ఫ్రైడే రోజు నువ్వు టిఫిన్ తినవా?" "ఆదివారం క్రికెట్‌కి ఎందుకు రావు?" "మీ ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరెందుకు?" వీటికి రెండు మాటల్లో నిజం చెప్పి ఆపేయండి. వినాలనిపిస్తే వాళ్ళే ఇంకో ప్రశ్న వేస్తారు. గుడ్ ఫ్రైడే గురించి అడిగినవాడికి ఆదికాండం నుంచి మొదలుపెడితే వచ్చే ఏడాది అతను మీ టిఫిన్ బాక్సు వైపు కూడా చూడడు.

మా షాపు గోడ మీద వాక్యం క్యాలెండర్ ఉంటుంది. నేను పెట్టే ప్రచారం అదొక్కటే. కానీ అది అక్కడ ఉన్నందుకే నా మీద బరువు ఎక్కువ. చీటీ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వను, ఎక్స్‌పైరీ దగ్గరపడిన స్ట్రిప్ అంటగట్టను, చవక కంపెనీ మందు ఉంటే చెబుతాను. వాక్యం కింద కూర్చుని చిల్లర తక్కువ ఇస్తే పోయేది నా పేరు ఒక్కటే కాదు.

రిటైర్డ్ రైల్వే అంకుల్ ఒకాయన నెలనెలా బీపీ మాత్రలకు వస్తారు. భార్య పోయిన కొన్నాళ్ళకు ఒక రాత్రి షాపు మూసే వేళకు వచ్చి, స్టూల్ మీద కూర్చుని, "నీకు చావంటే భయం వేయదా బాబూ?" అని అడిగారు. "వేస్తుంది అంకుల్" అన్నాను. తర్వాత మా నాన్న చివరి రోజుల్లో మా ఇంట్లో ఎలా గడిచిందో, యేసు సమాధి నుంచి లేచాడన్న నమ్మకం ఆ రోజుల్లో మాకు ఎలా పనికొచ్చిందో చెప్పాను. మామూలు తెలుగులోనే, చర్చి భాషలో కాదు. "మీరు కూడా నమ్మండి" అనలేదు. ఆయన విని, "మంచిది" అని లేచారు. ఆయన ఇప్పటికీ ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు. కంటి ఆపరేషన్ ముందు మాత్రం నా దగ్గరికి వచ్చి ప్రార్థన చేయమన్నారు. చేశాను, నాలుగు మాటలు, మెల్లగా, అడిగి చేయి పట్టుకుని. ఇది సంఘంలో ఏ లెక్కలో రాయాలో నాకు తెలియదు, నేను రాయించలేదు కూడా.

ప్రార్థన మాట వచ్చింది కాబట్టి మందులమ్మేవాడిగా గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఈ ఊళ్ళో ఎవరి కోసమైనా ప్రార్థన చేస్తామంటే కాదనేవాళ్ళు తక్కువ. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌లో కొవ్వొత్తి వెలిగించే అందరూ క్రైస్తవులు కారు. అంత నమ్మకంగా వచ్చినవాళ్ళతో "ప్రార్థన చేశాం, ఇక షుగర్ మాత్రలు ఆపేయండి" అనడం పాపం. అలా ఇన్సులిన్ మానేసి ఆసుపత్రి పాలైనవాళ్ళ ఇళ్ళకు నేను తర్వాత మందులు పంపాను. మంత్రాలతో, తాయెత్తులతో షుగర్ లాంటి జబ్బులు నయమవుతాయని ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. దాన్ని బాబాలకే కాదు, మన పోస్టర్లకు కూడా అన్వయించి చూసుకోవాలి. లూకా స్వయంగా వైద్యుడు, అది మరిచిపోవద్దు.

ముస్లిం మిత్రులతో మాట వేరుగా నడుస్తుంది. వాళ్ళు ఈసా అలైహిస్సలాం అని గౌరవంగానే అంటారు. ఖురాన్‌లో 19వ సూరా పేరే మర్యమ్. సిలువ దగ్గర, దేవుని కుమారుడు అన్న దగ్గర దారులు విడిపోతాయి. మా పక్క షాపు భాయ్‌తో నేను వాదించను. ఆయన నమ్మేది ఆయన నోటితోనే వింటాను, తర్వాత నాది చెబుతాను, చాయ్ తాగుతాం. రంజాన్‌కి షీర్ ఖుర్మా వస్తుంది, క్రిస్మస్‌కి మా కేక్ వెళ్తుంది.

పిలవడం కూడా చెప్పడమే. యేసు ఊరైన నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు వెటకారమాడితే ఫిలిప్పు వాదించలేదు, వచ్చి చూడమన్నాడు. మా అమ్మ నన్ను చిన్నప్పుడు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళేది. సువార్తికుడు భక్త్ సింగ్ గారు చాలా ఏళ్ళు సేవ చేసిన చోటు అది. పంజాబ్ సిక్కు కుటుంబంలో పుట్టి, చదువుకునే రోజుల్లో బైబిల్ చింపేసి అట్ట మాత్రం దాచుకున్న మనిషి ఆయన. కెనడాలో మారి తిరిగొచ్చి, 2000లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. అక్కడ ప్రసంగాలు నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆరాధన అయ్యాక అన్ని కులాలవాళ్ళూ చాపల మీద వరసగా కూర్చుని కలిసి తిన్న అన్నం గుర్తుంది. మీ స్నేహితులను మీటింగుకు పిలవడానికి మొహమాటమైతే ఒక శనివారం పగటిపూట మెదక్ చర్చికి తీసుకెళ్ళండి, ఎలాగూ అందరూ చూడాలనుకునేదే. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ గుడిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. "ఇదేంటి, అదేంటి" అని వాళ్ళే అడుగుతారు. కరువు రోజుల్లో పనికి ఆహారంగా అది కట్టిన కథ కూడా చెప్పండి.

వాట్సాప్ ఆఫీసు గ్రూపులో రోజూ పొద్దున్నే వాక్యం పంపకండి. రాత్రి 10 దాటాక మైకులో ప్రార్థన వద్దని మీ సంఘంలో మీరే చెప్పండి, నిబంధన కూడా అదే. వేరేవాళ్ళ దేవుళ్ళ మీద జోకులు ఎక్కడా వేయకండి, మనవాళ్ళ మధ్య కూడా. ఏథెన్సులో పౌలు వాళ్ళ బలిపీఠాన్ని వెక్కిరించలేదు, దాని దగ్గరే మాట మొదలుపెట్టాడు.

ఇంట్లోవాళ్ళ దగ్గర అన్నిటికంటే కష్టం. గొంతుతో కాకుండా పనితో మొదలుపెట్టండి. పండగ రోజు అమ్మకు కూరగాయలు తరిగిపెట్టడం విగ్రహారాధన కాదు. నాన్నగారి ఫొటోల మీద, దేవుడి గది మీద గొడవ పెట్టుకోకండి, ఆ ఇల్లు వాళ్ళది.

ఎవరైనా నిజంగానే బాప్తిస్మం తీసుకుంటానంటే తొందరపెట్టకండి. ఇంట్లో చెప్పారా అని అడగండి. పద్దెనిమిదేళ్ళు నిండకపోతే తల్లిదండ్రుల మాట లేకుండా వద్దు. ఎస్సీ కుటుంబం నుంచి వచ్చినవాళ్ళయితే సర్టిఫికెట్ సంగతి ముందే చెప్పాలి. 1950 ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులకు, తర్వాత 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవులైతే మన దగ్గర బీసీ-సీ కిందకి వస్తారు. ఇది దాచిపెట్టి నీళ్ళలోకి దింపడం మోసం. చాలా సంఘాలు ఈ విషయం పలకవు, నాకు దాని మీదే కోపం.

మీ పాస్టర్ గారితో వారం వారం లెక్క చెప్పనని మర్యాదగా అనండి. లెక్క కోసం మాట్లాడేవాడికి స్నేహితుడు ఒక నంబరు అయిపోతాడు, అది అవతలివాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. ఆయన నొచ్చుకోవచ్చు. వెళ్ళి అందరినీ శిష్యులను చేయమని యేసు చెప్పిన మత్తయి 28 గుర్తుచేస్తారు కూడా. వెళ్ళమన్నది నిజమే, రిపోర్టు రాయమని అక్కడ లేదు.

చివరగా వినాయక చవితి. "పూజలో కూర్చోను, ఏమనుకోవద్దు. మండపం కట్టడానికి, వడ్డించడానికి వస్తాను" అనండి, అని నిజంగా వెళ్ళండి. ప్రసాదం విషయంలో మనవాళ్ళే రెండు రకాలు. కొరింథీయుల మొదటి పత్రిక 8 నుంచి 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షిని బట్టి తేల్చుకోండి. నేను తినను. అయితే ఇచ్చినవాళ్ళ చేతిని తోసేయను, థాంక్స్ చెప్పి తీసుకుని తినేవాళ్ళకు ఇస్తాను. వడ్డిస్తున్నప్పుడు ఎవరో ఒకరు "పూజకు ఎందుకు రాలేదు బ్రో?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు రెండు మాటల్లో చెప్పండి. అడగకపోతే సాంబారు బకెట్ పట్టుకుని పక్క వరసకు వెళ్ళండి.