రెండు బి, ఒక సి: ఇప్పుడేం చెయ్యాలి?

"అన్నా, మాది కావలి. అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో రెండు బి, ఒక సి వచ్చాయి. జీపీఏ 2.67. అకడమిక్ ప్రొబేషన్ అని మెయిల్ పంపారు. వీసా పోతుందా? నాన్నకింకా చెప్పలేదు."

ముందు టెన్షన్ తగ్గించుకో తమ్ముడూ. ప్రొబేషన్ అంటే యూనివర్సిటీ ఇచ్చే హెచ్చరిక, దానివల్ల ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్ పోదు. వాళ్లిచ్చిన గడువులోగా జీపీఏ 3.0కి రాకపోతే డిస్మిస్ చేయొచ్చు, అంటే యూనివర్సిటీ నుంచి తీసేయొచ్చు. ఐ-20కి, అంటే వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చిన పత్రానికి, ఎసరు వచ్చేది అప్పుడే.

మన నెల్లూరు, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీల్లో సబ్జెక్టు పోతే సప్లీ రాసి గట్టెక్కేవాళ్లం. ఇక్కడ సప్లీ ఉండదు. కోర్సు మళ్లీ తీసుకుంటే పాత గ్రేడు తీసేస్తారా, రెండూ కలిపి సగటు కడతారా అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. ఫీజు మాత్రం మళ్లీ కట్టాల్సిందే. అంతకంటే ముందు లెక్క చూసుకో. ఎ అంటే 4, బి 3, సి 2. మూడు కోర్సులకు నీకు వచ్చింది 8. వచ్చే సెమిస్టర్‌లో ఒక ఎ, రెండు బి తెచ్చుకుంటే 10. మొత్తం ఆరు కోర్సులకు 18, అంటే సరిగ్గా 3.0. ఒక సిని ఒక ఎ పూడుస్తుంది. అదే ఎఫ్ పడితే మూడు ఎలు కావాలి. కాబట్టి కష్టమైన కోర్సులన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకోకు. సిలబస్‌లో హోంవర్క్‌కెంత, మిడ్‌టర్మ్‌కెంత, ప్రాజెక్టుకెంత అని రాసి ఉంటుంది. అది చూశాకే రిజిస్టర్ అవ్వు.

ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు. సార్ పిలిస్తే తప్ప గది గడప తొక్కని అలవాటు మనది. ఇక్కడ వాళ్లు ఆ టైములో స్టూడెంట్ల కోసమే కూర్చుంటారు. దిద్దిన పేపర్ పట్టుకెళ్లి, ఈ లెక్కలో మార్కులెక్కడ పోయాయని అడుగు.

భయపడి కోర్సు డ్రాప్ చేశావో, అసలు తంటా అప్పుడొస్తుంది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి, ఎంఎస్‌కి మామూలుగా 9 క్రెడిట్లు. అంతకు తగ్గాలంటే ముందుగా డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి ఉండాలి. రూమ్మేట్ కోడ్ కాపీ కొట్టడమూ వద్దు. ఊళ్లో రికార్డులు చూసి రాసినట్టు ఇక్కడ కుదరదు, దొరికితే ప్రొబేషన్ మీద మరో కేసు.

ఆ సి వెనక గ్యాస్ స్టేషన్ నైట్ షిఫ్ట్ ఉంటే ఈరోజే మానెయ్. క్యాంపస్ బయట అనుమతి లేకుండా చేసే ఆ పని చదువునే కాదు, వీసానీ తింటుంది. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో పనైనా వారానికి 20 గంటలు దాటకూడదు.

నాన్నకు ఈ ఆదివారమే చెప్పెయ్. లోన్‌కి సంతకం పెట్టిన మనిషికి వేరేవాళ్ల ద్వారా తెలియడం బాగుండదు. ఉత్తగా 2.67 అంటే ఆయన పదికి అనుకుని హడలిపోతారు, నాలుగుకి అని చెప్పు.