మిర్యాలగూడ లాంటి ఊళ్ళో రోజూ సైకిల్ మీద డ్యూటీకి పోవచ్చా? ఎండకు తట్టుకోగలమా? గేర్ సైకిల్ కొనాలా, మామూలుది చాలా?

పోవచ్చు. నేను పోతున్నాను. వాన మరీ దంచికొట్టిన రోజులు, చుట్టాల పెళ్ళిళ్ళు, జ్వరాలు తీసేస్తే 2021 నుంచి రోజూ పోతున్నాను. గేర్ల సంగతి చివర్లో చెప్తాను.

ముందు నా సంగతి. నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇల్లు ఊళ్ళో, మిల్లు కోదాడ పోయే దిక్కున ఎనిమిది కిలోమీటర్లు. ఆరోగ్యం కోసమో పర్యావరణం కోసమో మొదలుపెట్టలేదు. మా పెద్దోడు కాలేజీలో చేరి నా బండి పట్టుకుపోయాడు, అంతే. రెండో బండికి ఈఎంఐ కట్టడం ఇష్టం లేక, వాడే తొక్కి పక్కన పడేసిన సైకిల్‌కి గాలి కొట్టుకుని బయల్దేరాను. వారం రోజులు అనుకున్నది ఇన్నేళ్ళయింది.

ఎండ గురించి అందరూ అడుగుతారు. నన్నడిగితే ఎండ అసలు సమస్యే కాదు. సైకిల్ కదులుతున్నంతసేపు గాలి తగులుతుంది, చెమట ఆరిపోతుంది. ఆపాక చూడాలి, గేటు దగ్గర దిగి నిలబడ్డ రెండు నిమిషాలకు నెత్తి మీద బిందె కుమ్మరించినట్టు కారుతుంది. అందుకే దిగగానే ఆఫీసు రూములోకి పోను. చెట్టు కింద పది నిమిషాలు కూర్చుని, బోరు దగ్గర మొహం కడుక్కుని, సంచిలోని రెండో చొక్కా వేసుకుని అప్పుడు పోతాను. ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికల్లా మిల్లులో ఉంటాను. మధ్యాహ్నం రెండింటికి సైకిల్ ఎక్కేవాడికి నేను సలహా ఇవ్వను, వాడికి కావలసింది సలహా కాదు.

ఎండకన్నా దిక్కు ముఖ్యం. ఈ మాట ఏ వీడియోలోనూ చెప్పరు. మా మిల్లు తూర్పున ఉంది. పొద్దున పోయేటప్పుడు సూర్యుడు కళ్ళల్లో, సాయంత్రం వచ్చేటప్పుడు మళ్ళీ కళ్ళల్లో. అదే మిల్లు ఊరికి పడమర ఉంటే రెండు పూటలా వీపు కాలేది. కళ్ళకన్నా వీపు నయం. ఆషాఢంలో పడమటి గాలి ఎట్లా ఉంటుందో మనవైపు వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. పొద్దున వెనక నుంచి తోస్తుంది, ఆహా అనుకుంటూ పోతాం. సాయంత్రం వడ్డీతో సహా వసూలు చేస్తుంది. ఎనిమిది కిలోమీటర్లకు ఒక్కోసారి ముప్పావు గంట పట్టేది. ఇల్లు మారేవాళ్ళు, ఉద్యోగం మారేవాళ్ళు ఒకసారి దిక్కు చూసుకోండి, వాస్తు కోసం కాదు.

ఇంకొకటి కళ్ళద్దాలు. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లకు వడ్ల ఊకనే కాలుస్తారు కదా, ఆ బూడిద గాలికి లేచి వస్తుంది. బండి మీద పోతే హెల్మెట్ అద్దం ఉంటుంది. సైకిల్ మీద మన కళ్ళే అద్దాలు. మొదటి నెలలో రెండుసార్లు కంటి డాక్టరు దగ్గరికి పోయాక ఎనభై రూపాయల అద్దాలు కొన్నాను.

సరే, మనుషుల సంగతి. సైకిల్ మీద వచ్చిన మొదటి రోజు వాచ్‌మన్ నన్ను గేటు దగ్గరే ఆపాడు. బండి మీద వస్తే లేచి నిలబడేవాడు. "సారూ, సైకిళ్ళు అటువైపు" అన్నాడు. అటువైపు అంటే బీహారు హమాలీలు పెట్టుకునే చోటు. స్టాఫ్ బండ్ల రేకుల షెడ్డులో పెట్టబోతే "ఆడ బండ్లకే" అన్నాడు. సైకిల్‌కు నీడ అక్కర్లేదట. ఇప్పటికీ నా సైకిల్ హమాలీల సైకిళ్ళ వరసలోనే ఉంటుంది, లాభం కూడా ఉంది. చైన్ పడిపోయినా, బ్రేకు లూజయినా నేను చూసుకునేలోపే వాళ్ళలో ఎవరో ఒకరు సరిచేసి పెడతారు. మా బావమరిది మాత్రం రెండేళ్ళ దాకా నేను అప్పుల్లో ఉన్నాననే అనుకున్నాడు. మా ఆవిడను పక్కకు పిలిచి "ఏమన్న ఇబ్బందులుంటే చెప్పక్కా" అని అడిగాడట.

ఇక అసలు సమస్య. అసలు సమస్య పంచర్. మొన్నటి దాకా మా వీధి మలుపులో ఒక సైకిల్ షాపు ఉండేది. ఇప్పుడు అక్కడ సెల్ ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. బండ్ల పంచర్ వేసేవాళ్ళు సైకిల్ అంటే మొహం పక్కకు తిప్పుకుంటారు. కాలువ కట్ట మీద పోతే సర్కారు తుమ్మ ముల్లు, రోడ్డు దిగితే పల్లేరు కాయలు. పల్లేరు కాయను చూసినవాళ్ళకు తెలుసు, అది ఎట్లా పడ్డా ఒక ముల్లు పైకి ఉంటుంది. కాబట్టి సైకిల్ కొనేముందు పంచర్ వేసుకోవడం నేర్చుకోండి. ఈ పాఠం నాకు ఎట్లా అబ్బిందో చెప్తాను.

యాసంగి కోతలు నడుస్తున్నాయి, ఏప్రిల్ చివర. ఆ సీజన్లో మా మిల్లు ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి, నాకు ఇంటికి పోయే టైమంటూ ఉండదు. ఆ రోజు రాత్రి తొమ్మిదికి బయల్దేరాను. రోడ్డుకు నా పక్క సగం వడ్లు. ఒకటి రెండు చోట్ల కాదు, ఊరు ఊరంతా రోడ్డు మీదనే ఆరబోసినట్టుంది. వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచుకు బండరాళ్ళు పేర్చి, పైన నల్ల పట్టాలు కప్పారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, నల్ల రాయి. ఎదురుగా ఒక లారీ హెడ్‌లైట్లు కళ్ళల్లో కొడుతూ వచ్చింది. ఎడమకు జరిగాను. ముందు చక్రం రాయెక్కింది, నేను పోయి వడ్ల రాశి మీద పడ్డాను.

దెబ్బ తగల్లేదు. వడ్లు మెత్తగానే ఉంటాయి, ఆ తర్వాత నూగు దురదే చంపుతుంది. లేవబోతుంటే నులక మంచం మీద దోమతెరలోంచి ఒక గొంతు:

"ఎవర్రా అది? గొడ్లా, మనుషులా?"

"మనిషినేనమ్మా, పడ్డాను."

దోమతెర లేపుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నన్ను చూడలేదు. సెల్ ఫోన్ లైటు వేసి చెదిరిన వడ్లు చూసింది. "అయ్యో, వడ్లన్నీ రోడ్డు పాల్జేస్తివి గదయ్యా" అంటూ చీపురు తెచ్చి ఊడ్చి రాశిలో కలిపి, అప్పుడు నా వైపు తిరిగింది. "దెబ్బ తాకిందా బిడ్డా? ఏడికెళ్ళి వస్తున్నవు?"

సీజన్లో రైతు ముందు నిలబడి ఫలానా మిల్లులో పని చేస్తానని చెప్పేంత ధైర్యం నాకు లేదు. నోటికి వచ్చింది చెప్పాను, "కోదాడ నుంచి."

"కోదాడ నుంచి? సైకిల్ మీద?"

అది నలభై కిలోమీటర్ల పైమాట. అబద్ధం చెప్పినా లెక్క చూసుకుని చెప్పాలి, అందులో నేను లెక్కలు రాసేవాణ్ణి. ఆమె లైటు నా సంచి మీద పడింది. సంచి మూత ఊడి, మిల్లు పేరు అచ్చేసిన తూకం చీటీల కట్ట వడ్ల మీద పరుచుకుని ఉంది.

ఇక మొదలైంది. బస్తాకు కిలోనా రెండు కిలోలా తరుగు తీసేది? తేమ అంటరు, తాలు అంటరు, మట్టి అంటరు, మీ మిషన్ల మట్టి లేదా? రెండు రోజులు లైన్ల ట్రాక్టర్ ఆపితే కిరాయి ఎవడిస్తడు, మీ సేటు ఇస్తడా? నేను కాంటా చీటీలో ఉన్నదే రాస్తానని చెప్పబోయాను. "రాసేటోడివి నువ్వే గదా మరి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఈలోపు ఆమె భర్త లేచి వచ్చి, మాటా పలుకూ లేకుండా నా సైకిల్ తిరగేసి కూర్చున్నాడు. రాయి దెబ్బకు ముందు టైరులో గాలి మొత్తం పోయింది. టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగితే పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, పాము కాటులాగా. గాలి తక్కువ పెట్టుకుని తిరిగేవాళ్ళకు ఇది తప్పదు, నేను ఆ వారం గాలి చూసుకోలేదు. నా దగ్గర ప్యాచీలున్నాయి, పంపు ఉంది, వాటిని అతికించే సొల్యూషన్ ట్యూబు కూడా ఉంది. పిసికితే ఏమీ రాలేదు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ నెలల తరబడి సంచిలో పడుంటే ఎండిపోతుందని ఆ రాత్రే తెలిసింది.

పెద్దాయన గరిటె కాడతో టైరు ఊడదీశాడు. నేను పంపుతో కాస్త గాలి కొడితే ట్యూబును బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు చూశాడు. "సొల్యూషన్ లేకుంటే ఏంది" అని, ట్యూబును చిల్లుల దగ్గర మడిచి, ఆ రెండు చిల్లులూ మడత లోపలికి పోయేటట్టు పట్టుకుని, ఖాళీ గోనె సంచి మూతి నుంచి సుతిలి లాగి గట్టిగా, చాలా గట్టిగా చుట్టి ముడేశాడు. చిన్నప్పుడు కిరాయి సైకిళ్ళ షాపులో పని చేశాడట. గంటకు ఇంతని సైకిల్ కిరాయికి ఇచ్చే రోజులు మీలో కొందరికైనా గుర్తుండాలి. గాలి కొట్టి చూస్తే నిలబడింది. చక్రం తిరిగినప్పుడల్లా ముడి దగ్గర దడ్ దడ్ మంటూ ఎగురుతుంది, అయినా మెల్లగా ఇల్లు చేరాను. దారి పొడుగునా వీపు గోక్కుంటూనే ఉన్నాను.

డబ్బులివ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. ఆవిడే అంది, "గా పైసలు తరుగుల కలుపుకో."

అంతకుముందు రోడ్డు మీద వడ్లు పోసేవాళ్ళను నేనూ బాగా తిట్టేవాణ్ణి. ఆదివారం పూట సైకిల్ మీద వాడపల్లి దాకా పోయి, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట ఫోటోలు దిగి, దారిలో వడ్లు అడ్డం వచ్చాయని వాట్సాప్‌లో పోస్టులు పెట్టే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. విచిత్రం ఏంటంటే వడ్లు ఎందుకు ఆరబోస్తారో పొద్దంతా మిల్లులో కూర్చునే నాకు తెలియదా? సర్కారు కేంద్రంలో కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్ పచ్చి వడ్లే కోసి పోస్తుంది. వెనకటిలాగా కల్లాలు లేవు, ఉన్న చదునైన జాగా రోడ్డొక్కటే. రోడ్డు మీద వడ్లు పోయడం తప్పే, చీకట్లో రాళ్ళు పెట్టడం ఇంకా తప్పు, బండి మీద వచ్చేవాడైతే ప్రాణమే పోతుంది. కానీ ఆరబోసే సిమెంటు కల్లాలు ఊరికి సరిపడా కట్టకుండా రైతును తిడితే వడ్లు వాటంతట అవి ఆరవు. ఇప్పుడు సీజన్లో ముందర ఒక లైటు, హెల్మెట్ మీద ఒక లైటు పెట్టుకుని పోతున్నాను. రాయి ముందు వెలుగుతుంది, తర్వాత నేను కనబడతాను.

గేర్లు. మన ఆయకట్టు అంతా చదును. సాగర్ ఎడమ కాలువ మీది వంతెనల ఎత్తులు తప్ప నాకు ఎక్కడా గేరు మార్చే అవసరం రాలేదు. ఇరవై ఒక్క గేర్లలో నేను వాడేవి మూడు. అది కూడా ఆషాఢంలో. దేవరకొండ, అచ్చంపేట వైపు వాళ్ళయితే వేరే సంగతి, అక్కడ గుట్టలున్నాయి, కొనండి. మోకాళ్ళ నొప్పులకు గేర్లు మందు అని షాపువాళ్ళు చెప్తారు, నమ్మకండి. సైకిల్ తొక్కేవాళ్ళకు మోకాళ్ళ నొప్పులు చాలాసార్లు సీటు కిందికి పెట్టుకోవడం వల్ల వచ్చేవే. పెడల్ పూర్తిగా కిందికి పోయినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. సీటు అంత ఎత్తుకు పెట్టండి. ఆపినప్పుడు రెండు కాళ్ళూ పూర్తిగా నేలకు ఆనవు, అదే కరెక్టు. మడ్‌గార్డులు, వెనక క్యారేజీ లేని సైకిల్ మాత్రం ఫ్రీగా ఇచ్చినా తీసుకోకండి. సద్ది డబ్బా వీపున మోస్తే సాంబారు చొక్కాకు తెలుస్తుంది.

పెట్రోల్ లీటరు వంద దాటాక రోజుకు ముప్పై, ముప్పై అయిదు రూపాయలు మిగులుతాయని లెక్కేశాను. సాయంత్రం ఆకలికి మిర్చి బజ్జీలు తినడం మొదలుపెట్టాక ఆ లెక్క రాయడం మానేశాను.

గేర్ సైకిలే కొంటానంటే ఒక జాగ్రత్త. రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే హైబ్రిడ్ సైకిళ్ళకు చాలావాటికి 700సీ అనే సైజు టైరు వస్తుంది. అది అరిగిపోయి షాపుకు పోతే పాత రకం 28 అంగుళాల టైరు చేతిలో పెట్టి "రెండూ ఒకటే సార్" అంటారు. కాదు. టైరు కూర్చునే చోట 700సీ రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు, పాత సైకిళ్ళ 28 ఒకటిన్నర (28 × 1½ అంగుళాలు) టైరుది 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా. గాలి కొట్టగానే టైరు రిమ్ము దాటి బయటికి వస్తుంది, నేను మూడు వందల యాభై పెట్టి తెలుసుకున్నాను. మన దగ్గర 700సీ సైజు నాకైతే ఎక్కడా దొరకలేదు. హైదరాబాద్ పోయేవాళ్ళతో తెప్పించుకోండి. తెప్పించేటప్పుడు రెండు తెప్పించండి, రెండోది నేను కొనుక్కుంటాను. వెనక టైరు అయిపోవచ్చింది.