మట్టి దిబ్బ అని రాసిన మూలల్ని తీసేయకండి

పాత భూసర్వే రికార్డులతో, మంటలకు తట్టుకునే చెట్లు ఒకప్పుడు ఎక్కడ ఉండేవో మ్యాప్ వేయొచ్చా అని అడిగారు కదా. వేయొచ్చు. అమెరికాలో విస్కాన్సిన్‌లో చదువుకునేటప్పుడు నేను ఏడాదిపాటు ఇదే పని చేశాను.

అక్కడ సర్వే 1832 నుంచి 1866 దాకా జరిగింది. ప్రతి అర మైలుకీ ఒక గుంజ పాతి (ఆ చోటునే మూల అంటారు), దగ్గర్లో ఉన్న రెండు నుంచి నాలుగు చెట్ల బెరడు చెక్కి గుర్తు పెట్టి, చెట్టు పేరు, లావు, దిక్కు, గుంజ నుంచి ఎన్ని లింకుల దూరమో పుస్తకంలో రాసేవారు. మన ఊళ్లో పాత ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూసినవాళ్లకు ఈ లింకులు తెలిసినవే, అదే 66 అడుగుల కొలత గొలుసు, అందులో 100 లింకులు. బర్ ఓక్ చెట్టుది మందపాటి బెరడు, పైన కాలినా మొదలు నుంచి చిగురిస్తుంది. షుగర్ మేపుల్ చెట్టుది పలచటి బెరడు, మంట తరచుగా వచ్చే చోట నిలవదు. కాబట్టి ఏ మూలన ఏది రాశారో చూస్తే మంట తిరిగిన నేల తెలుస్తుంది.

నేను మొదట్లో పెద్ద తప్పు చేశాను. చెట్టు పేరు లేని మూలలన్నీ డేటా లేనివనుకుని తీసేశాను. మ్యాప్‌లో పెద్ద పెద్ద ఖాళీలు వచ్చాయి, చాలా టెన్షన్ పడ్డాను. చేతిరాత పేజీలు మళ్లీ తెరిస్తే, దగ్గర్లో చెట్టే లేక మట్టి దిబ్బ పోశామని ఉంది. అవన్నీ గడ్డి మైదానాలు, మంట అన్నిటికంటే ఎక్కువగా తిరిగిన చోట్లు, వాటినే నేను చెరిపేశాను.

ఇంకోటి, పేరు ఒక్కటే చూడకండి, దూరం కూడా చూడండి. ఓక్ 20 లింకుల్లో ఉంటే చిక్కటి అడవి, 300 లింకులంటే దాదాపు 200 అడుగులు, అంటే గడ్డి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి. నదులు, సరస్సులు కూడా మ్యాప్‌లో పెట్టండి, పడమటి గాలికి వచ్చే మంట నీళ్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి తూర్పు ఒడ్డున మేపుల్ కనిపించడం మామూలే. బ్లాక్ ఓక్ అన్న పేరు కింద రెండు మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీయాలని చూడకుండా ఒకే గుంపుగా పెట్టుకోండి. సర్వేయర్ ఎప్పుడూ అన్నిటికంటే దగ్గరి చెట్టునే ఎంచుకున్నాడని కూడా అనుకోవద్దు, అందుకే ఒక్క మూలను బట్టి కాకుండా కొన్ని మైళ్ల ముక్కగా లెక్కేయండి.

ఆ మంటల్లో చాలావాటిని పెట్టింది హో-చంక్ లాంటి అక్కడి ఆదివాసులే, వేట కోసం, కొత్త గడ్డి కోసం. వాళ్లను వెళ్లగొట్టి పొలాలు వేశాక మంటలు ఆగాయి, ఆ ఖాళీల్లో చెట్లు మూసుకుపోయాయి. మీ మ్యాప్ పక్కన ఈ సంగతి తప్పకుండా రాయండి.