బోర్డు మీది మూడో లైను

బిడ్డా,

మీ అమ్మ నిన్న వాట్సాప్‌లో నీ షాపు బోర్డు ఫోటో పంపింది. గులాబీ రంగు మీద తెల్ల అక్షరాలు, కింద నీ పేరు. పెద్దది చేసి చేసి చూసుకున్నా. హన్మకొండలో నేను పార్లర్ పెడతానంటే ఇంటి ఓనరు రెండింతలు అడ్వాన్స్ అడిగిండు. మన పరకాలలో నువ్వు ఇరవై నాలుగేళ్లకే షట్టర్ తీస్తున్నవు. కడుపు నిండింది. కానీ మూడో లైను చదివినంక నిద్ర పట్టలేదు. ‘మొటిమలు శాశ్వతంగా పోగొట్టబడును’ అట! ఎవరు రాయమన్నరు నిన్ను?

టవళ్లు ఒకరివి ఒకరికి వాడకు, చేతులు కడుక్కో, ఉద్దెర బుక్కు పెట్టకు. ఇవి నీకు తెలిసినవే.

మొటిమల సంగతికొస్తా. అది ముఖం కడుక్కోక వచ్చే మురికి కాదు. వయసొచ్చేటప్పుడు హార్మోన్ల వల్ల చర్మం కింది గ్రంథుల్లో నూనె ఎక్కువ తయారవుతుంది. అది, రాలిన చర్మకణాలు కలిసి వెంట్రుక రంధ్రాన్ని మూసేస్తాయి. రంధ్రం నోరు తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్, మూసుకుని ఉంటే వైట్‌హెడ్. ఆ నలుపు మట్టి కాదు, లోపలిది గాలి తగిలి నల్లబడ్డది, అంతే. కాబట్టి పిల్లల ముఖాలు స్క్రబ్ పెట్టి రుద్దకు. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తే ఎర్ర పొక్కులు, చీము పొక్కులు. ఇంకా లోతుకు పోతే శనగగింజంత గట్టి గడ్డలు, ముట్టుకుంటేనే నొప్పి. ఆ గడ్డలున్నోళ్లకు ఫేషియల్ చేయనే వద్దు, గుంటలు పడతాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో స్కిన్ ఓపీ ఉంది, పంపించు. గిల్లితే మన రంగు చర్మం మీద నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. గిల్లడంలో నువ్వు చిన్నప్పటి నుంచే దిట్టవి, అందుకే చెప్తున్నా.

కుర్చీ కిటికీకి ఎదురుగా వేయించు. ట్యూబ్‌లైట్ కింద అన్ని ముఖాలూ ఒక్కతీరే ఉంటాయి. నుదుటి మీద వెంట్రుకల అంచు వెంబడే పొక్కులుంటే తలకు ఏం నూనె పెడుతున్నరో, ఎంత పెడుతున్నరో అడుగు. గదువ మీద, దవడల దగ్గర ముదిరి, నెలసరి సరిగ్గా రావట్లేదంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా కావచ్చు, లేడీ డాక్టర్ దగ్గరికి పొమ్మను. కానిస్టేబుల్ సెలక్షన్లకు పొద్దున్నే గ్రౌండ్‌లో ఉరికే ఆడపిల్లలు నీ దగ్గరికీ వస్తరు. వాళ్ల వీపు మీద, నుదుటి మీద అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే అది మొటిమ కాకపోవచ్చు, ఫంగస్ రకం. దానికి మొటిమల మందు రాస్తే తగ్గదు. వ్యాక్సింగ్‌కు కూర్చోబెట్టే ముందు ‘మొటిమలకు గోళీలేమన్నా వాడుతున్నవా’ అని అడుగు. ఐసోట్రెటినోయిన్ అనే గోళీ అయితే చర్మం వ్యాక్స్‌తో పాటే ఊడొచ్చే ప్రమాదముంది. పెళ్లి కుదిరిన పిల్ల అయితే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పుకోమను. ఆ గోళీ కడుపులో బిడ్డకు చాలా ప్రమాదం.

ఇప్పుడు నా సంగతి. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

మీ అన్న బడికి పోతున్న రోజులు. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. ఒకామె బిడ్డను తోలుకొచ్చింది. ఇరవై రోజుల్లో పెళ్లి, రెండు చెంపల నిండా మొటిమలు. నా దగ్గర సామాను వేసేటాయన ఇచ్చిన తెల్ల ట్యూబు ఒకటుంది. ‘అక్కా, దీనికి తిరుగులేదు’ అన్నడు. లోపల ఏముందో నేను చదవలేదు, చదివినా తెలిసేది కాదు. రాత్రిపూట పూసుకోమని ఇచ్చిన. వారం తిరిగేసరికి ముఖం తెల్లగా, నున్నగా అయ్యింది. పెళ్లినాడు ఆ తల్లి పదిమందిలో నా చేయి పట్టుకుంది. ఆ గొప్పతోనే ఇంకో నలుగురికి ఇచ్చిన. వాళ్లు ఎట్లున్నరో నాకు తెల్వదు.

ఎండాకాలంలో ఆ పిల్ల మళ్లొచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుని. చున్నీ తీస్తే చెంపలు ఎర్రగా కంది ఉన్నయి. చర్మం ఎంత పలచబడ్డదంటే దారాల్లాంటి రక్తనాళాలు కనబడుతున్నయి. పైన ఒకే తీరు పొక్కులు. ‘అన్నం గంజి వంచుతుంటే ఆవిరికే మంట పుడుతుంది ఆంటీ’ అన్నది. క్రీము ఆపితే ఇంకా మండుతుందని మెడికల్ షాపులో తానే కొనుక్కుని పూసుకుంటున్నదట. కాకాజీ కాలనీలో స్కిన్ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోయిన. ట్యూబు ఎవరిచ్చిన్రని ఆయన అడిగితే ఆ పిల్ల నా వైపు చూసింది, నోరు విప్పలేదు. నేనే చెప్పిన. అందులో స్టెరాయిడ్ ఉందట. వాపును తొందరగా అణుస్తుంది, అందుకే మాయలా కనబడుతుంది. తర్వాత స్టెరాయిడే మొటిమలు పుట్టిస్తుంది. ముఖం కుదుటపడేసరికి ఏడాది దాటింది.

2018లోనే ఇట్లాంటి చాలా క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా నీ దగ్గరికి కూడా సంచి పట్టుకుని ఒకాయన వస్తడు, ‘తిరుగులేదు’ అంటడు. ఛాయ్ పోసి పంపు, ట్యూబు మాత్రం తీసుకోకు. అసలు మందు ఏదైనా పని చేయాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పెళ్లికూతురి తల్లి వారంలో కావాలని మొండికేస్తే నీ చేత కాదని చెప్పు. గిరాకీ పోతే పోనీ. నీ మెత్తని మనసు నాకు తెలుసు, ఎవరైనా ఏడిస్తే కరుగుతవు. అక్కడే నాకు టెన్షన్.

ఓపెనింగ్ నాటికి పొద్దుటి బస్సుకే వస్తా. నా భూతద్దం లైటు తెస్తున్నా, కొనకు. ఈలోపు పెయింటర్‌ను పిలిచి ఆ మూడో లైను తుడిపించు. పైసలు నేనిస్తా.

మీ పెద్దమ్మ