నీలం పోర్టా, పసుపు పోర్టా?

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో రెండంతస్తుల ఇల్లు. కింద ఇంటర్నెట్ వాళ్లు పెట్టిన రూటర్ సిగ్నల్ పైకి అందట్లేదని ఇంకోటి కొని, కింది నుంచి వైరు లాగి దాని నీలం పోర్టులో పెట్టాను. నెట్ వస్తోంది కానీ కింద ఉన్న ప్రింటర్ పైన ఫోన్లలో కనబడదు. ప్లాన్ 200 ఎంబీపీఎస్, పైన 94 దాటట్లేదు. సీసీ కెమెరాల అబ్బాయి డీఎంజెడ్ ఆన్ చేసేయమంటున్నాడు, చేయొచ్చా?

జవాబు: డీఎంజెడ్ జోలికి మాత్రం పోకండి. అది ఆన్ చేస్తే బయటి నుంచి వచ్చే ప్రతి పలకరింపూ నేరుగా మీ కెమెరా డబ్బాకే వెళ్తుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో పట్టేసుకుంది. కెమెరా వాళ్ల యాప్‌లో చూసుకుంటే చాలామందికి రూటర్‌లో బయటివాళ్లకి ఏ దారీ తెరవాల్సిన పనే ఉండదు.

ఇక ప్రింటర్. నీలం పోర్టు (మీ రూటర్‌లో వాన్ అని రాసి ఉంటుంది) అంటే ఆ రూటర్‌కి వీధి గుమ్మం. దానికి అవతల ఉన్నదంతా బయటి ప్రపంచమే అనుకుని పైన వేరే కాపురం పెట్టేసింది, అందుకే ప్రింటర్ కోసం ఫోను వేసే కేక ఆ గడప దాటట్లేదు. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరు కాపురం పెట్టకుండా కింది నెట్‌వర్క్‌నే పైన పంచే పద్ధతి) ఉంటే అది పెట్టేయండి, పని అయిపోయింది. లేకపోతే పై రూటర్ అడ్రసు మార్చండి: కిందిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 లాంటిది, ఇంకెవరూ వాడనిది. తర్వాత డీహెచ్‌సీపీ (ఫోన్లకి, ప్రింటర్లకి అడ్రసులు పంచే పని) ఆపేసి, అప్పుడు వైరు పసుపు పోర్టులోకి (లాన్, అంటే ఇంటి లోపలి గుమ్మం) మార్చండి. ఈ వరస తప్పొద్దు, డీహెచ్‌సీపీ ఆపకుండా వైరు మారిస్తే రెండు రూటర్లూ అడ్రసులు పంచడం మొదలుపెట్టి ఇల్లంతా నెట్ తికమకవుతుంది.

94 అనే అంకె చూడగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే, రెండు వారాలు కంపెనీని తిట్టుకున్నాను. తీరా చూస్తే వైరు చివర క్లిప్పులో బ్రౌన్ తీగ సరిగా కూర్చోలేదు. గిగాబిట్‌కి (అంటే 1000 ఎంబీపీఎస్) ఎనిమిది తీగలూ కావాలి, బ్రౌన్, నీలం జతల్లో ఒక్కటి తెగినా రూటర్లు సాధారణంగా మారుమాట్లాడకుండా వందకి దిగిపోతాయి, అందులో చేతికొచ్చేది దాదాపు 94. అయితే ముందు మీ కొత్త రూటర్ పెట్టె మీద పోర్టులు 10/100 (అంటే వందే గరిష్ఠం) అని ఉందేమో చూడండి, ఉంటే వైరు మార్చినా లాభం లేదు. గిగాబిట్ అని ఉంటే రెండు చివర్లకూ కొత్తగా క్రింపింగ్ (క్లిప్పులు బిగించడం) చేయించి, స్టేటస్ పేజీలో 1000 అని పడేదాకా ఆ మనిషిని పంపకండి.